ఆ కొరియా పుస్తకాలు నావే

ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక మనిషి నాకు దండం పెడుతూ వచ్చాడు. ఆ దండానికి నేను తగను. మొన్నమొన్నటిదాకా ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. మోసీ మోసీ అలసిపోయాను. ఇది నాతోపాటే మట్టిలో కలిసిపోతుందిలే అని సర్దిచెప్పుకున్న రోజులు చాలా ఉన్నాయి. కానీ నేను పోయాక కూడా ఆ అబద్ధం నిలబడే ఉంటుందని, అచ్చులోకి కూడా ఎక్కబోతోందని ఈ మధ్యే తెలిసింది. అందుకే నోరు విప్పాను, ఇప్పుడు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు.

బోధన్‌లో చరిత్ర లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొన్నాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, చెరుకు తోటల మధ్యే. అయినా మా ఇంట్లో ఒక మాట రోజూ వినపడేది. మనం బయటినుంచి వచ్చినవాళ్ళం, ఎవరి గొడవల్లోనూ తలదూర్చకూడదు అని. పోలీసులు వస్తే నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళిపోవాలి. ఇంకెవరైనా వచ్చినా అంతే. ఆ మాట చెప్పి నన్ను నేను కాపాడుకోవాలని చూస్తున్నానా? కొంత అంతే కావచ్చు. కానీ అది నిజం కూడా.

చదువుకునే రోజుల్లో నాకు జపాన్ చరిత్ర మీద పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలు ఏరుకునేవాణ్ణి. జపాన్‌వాళ్ళు కొరియాను ఆక్రమించి ఎట్లా ఏలారన్న దాని మీద అట్లా కొన్ని పుస్తకాలు పోగయ్యాయి. ఒకరోజు సిలబస్‌లో లేకపోయినా క్లాసులో ఆ సంగతి ఎత్తాను. పైన గవర్నర్ జనరల్, జపాన్ సైన్యపు మనిషి. అతని కింద ఒక్కో ప్రావిన్సుకు ఒక్కో గవర్నర్. వాళ్ళ కింద జిల్లాల అధికారులు. అందరికన్నా అడుగున, కొన్ని ఊళ్ళను కలిపి వాటికొక పెద్ద. ఆ ఊళ్ళ గుంపును వాళ్ళు మ్యోన్ అనేవారు. మన దగ్గర అప్పుడే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి కాబట్టి, మండలం లాంటిదే అనుకోండి అన్నాను. పై కుర్చీల్లో జపాన్‌వాళ్ళు, కిందికి దిగేకొద్దీ కొరియావాళ్ళు. యుద్ధం రోజుల్లో ఇళ్ళలోంచి వడ్లు తీయించిందీ, పేర్లు జపాన్ పేర్లుగా మార్చుకోమని గడపగడపకూ తిరిగిందీ, వయసు కుర్రాళ్ళను గనుల్లో పనికి పంపిందీ ఆ అడుగున ఉన్న మనిషే. జనం గుర్తుపెట్టుకుని తిట్టిందీ అతన్నే.

వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. గంగాధర్ అంటాను, అసలు పేరు కాదు.

"సార్, మా ఊరు మునుగుతదని చెప్పింది గూడ మా పట్వారే" అన్నాడు. "ప్రాజెక్టు కట్టింది గవర్నమెంటు. మా అవ్వ గవర్నమెంటును తిట్టది. ఇప్పటికీ ఆయన్నే తిడుతది."

క్లాసంతా నవ్వారు. అతను నవ్వలేదు.

వాళ్ళది శ్రీరాంసాగర్ నీళ్ళలో మునిగిన ఊరు. ముప్కాల్ దగ్గర కొత్త ఇళ్ళు కట్టుకుని ఉండేవాళ్ళు. భూములు కొలిచి, ఎవరిది ఎంత పోతుందో ఇంటి ముందు నిలబడి చెప్పిన పట్వారి వాళ్ళ ఊరివాడే, వాళ్ళకు దూరపు చుట్టం కూడా. గంగాధర్‌కు అది చిన్నప్పటినుంచీ మనసులో ముల్లులా ఉన్నట్టుంది. హైదరాబాదు వెళ్ళి ఎం.ఏ. చదివాడు. తర్వాత పరిశోధనకు ఆ కొరియా మ్యోన్ పెద్దలనే ఎంచుకున్నాడు. నా పుస్తకాలు నేనే ఇచ్చాను. నా చేతులతో సంచిలో సర్ది ఇచ్చాను.

నిజామాబాదులో గది తీసుకుని రాసుకుంటూ, ఆదివారాలు బోధన్ వచ్చేవాడు. మా వరండాలో కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. మొదట్లో నేను చెప్పేవాణ్ణి, అతను వినేవాడు. తర్వాత అది ఎప్పుడు తిరగబడిందో గమనించలేదు. నేను పెన్సిల్‌తో గీతలు గీసుకున్న పేజీలు దాటిపోయి, నేను పట్టించుకోని చోట ఆగేవాడు. ఆ అడుగు మనిషి రాత్రి ఇంటికి పోయి ఏమనుకునేవాడు, కాదంటే ఏమయ్యేది, ఎవరైనా కాదన్నారా అని అడిగేవాడు. నాకు ఎన్నడూ తట్టని ప్రశ్నలు. ఇటువంటి శిష్యుడు దొరికాడని మా ఆవిడతో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్పలో ఒక చిన్న మంట కూడా ఉండేది. అది ఇన్నేళ్ళూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అవి పల్లెల్లో నక్సలైట్ దళాలు తిరుగుతున్న రోజులు. పోలీసులకు ఎవరిని చూసినా అనుమానమే. గంగాధర్ అద్దెకున్న ఇంట్లోనే వేరే గదిలో ఉన్న ఎవరికోసమో వచ్చి, దొరికిన కుర్రాళ్ళందర్నీ పట్టుకుపోయారు. మిగతావాళ్ళను రెండు రోజుల్లో వదిలేశారు. గంగాధర్‌ను వదల్లేదు. అతని గదిలో కొరియా అని రాసి ఉన్న ఇంగ్లీషు పుస్తకాలు దొరికాయి. ఒకదానికి ఎర్ర అట్ట. అతని రాతల్లో ప్రతి పేజీలోనూ పోలీసులు, ఊరి పెద్దలు, బలవంతపు వసూళ్ళు, తిరుగుబాటు. చదవని మనిషికి అది ఎట్లా కనపడుతుందో చెప్పాలా? మా సారును అడగండి, ఆయన చెప్తడు అన్నాడట గంగాధర్.

మధ్యాహ్నం క్లాసులో ఉండగా కానిస్టేబుల్ వచ్చాడు. వెంట వెళ్ళాను. ఏ ఠాణా అన్నది ఇక్కడ అక్కర్లేదు. ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే కుర్చీ చూపించాడు. టేబుల్ మీద నా పుస్తకాలు ఉన్నాయి. వాటిని చూడగానే గుర్తుపట్టాను. చిరిగిన అంచుకు నేను అతికించిన కాగితం కూడా కనపడుతోంది.

"ఈ పుస్తకాలు మీవేనా మాస్టారూ?"

"నావి కావండి."

"మీరే ఇచ్చారంటున్నాడే?"

"నా పాత స్టూడెంటేనండి. ఈమధ్య ఏం చదువుతున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో నాకు తెలియదు."

అతను ఎర్ర అట్ట పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. "కొరియా అంటే అక్కడంతా కమ్యూనిస్టులే కదా?"

"ఒక సగం అంతేనండి" అన్నాను.

అంతే. టీ తెప్పించాడు. తాగాను.

ఆ ఆఖరి మాటలో తప్పు ఏమీ లేదు. ఏ పరీక్షలో రాసినా మార్కులు వేస్తారు. కానీ ఈ పుస్తకాల్లో ఉన్న కొరియాకు ఇప్పటి ఏ పార్టీతోనూ సంబంధం లేదని, ఇది జపాన్‌వాళ్ళ ఏలుబడి నాటి జిల్లాల పాలన గురించని, పుస్తకాలు నావేనని, చదవమని ఇచ్చింది నేనేనని చెప్పడానికి ఎంతసేపు పట్టేది? ఆ గదిలో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే పిలిచారు.

భయంతో అన్నానా? అవును. తలదూర్చకూడదన్న మా ఇంటి మాట చెవుల్లో మోగింది. కానీ భయపడ్డవాడు నాకు తెలియదని ఊరుకుంటాడు. సగం అంతేనండి అని ఎందుకు కలుపుతాడు? ఆ ముక్క ఎక్కడినుంచి వచ్చింది? ఎన్నిసార్లు తవ్వుకున్నా నాకు దొరికేది ఒకటే. వాడు రాస్తున్నది ఇక పూర్తికాదు అన్న ఆలోచన, ఆ టేబుల్ ముందు, ఒక్క క్షణం, నాకు తేలిగ్గా అనిపించింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలోనే నోరు తెరిచాను.

బయటికి వస్తుంటే ఠాణా గోడ పక్క నీడలో ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. తెల్ల ధోవతి, తల మీద రుమాలు. నన్ను చూసి లేచాడు. "పిలగాని సారు నువ్వేనా?" అన్నాడు. తల ఊపాను. "చెప్పినవా మరి?" అన్నాడు. ఆగకుండా నడిచి బస్సెక్కాను. ఆయనే ఆ పట్వారి అని అప్పుడు నాకు తెలియదు.

గంగాధర్‌ను చాలా రోజులు ఉంచుకున్నారు. వదిలేసరికి ఎడమ చెవి వినపడకుండా పోయింది. కుడిచేతి రెండు వేళ్ళు ముడవడానికి రావు. అతను రాసిన కాగితాలేవీ తిరిగి రాలేదు, నా పుస్తకాలూ రాలేదు. వారం తిరక్కుండా వాళ్ళ అవ్వను, అంటే అమ్మను, తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నేను ఠాణాకు వెళ్ళడం ఎవరో చూశారు. తర్వాత అతను బయటికొచ్చాడు. ఈ రెండింటినీ కలుపుకున్నారు.

ఆమె నా కాళ్ళ మీద పడింది. "నువ్వు వొయ్యి చెప్పకుంటే నా కొడుకు నాకు దక్కకపోవు సారూ" అని ఏడ్చింది. తర్వాత లేచి కళ్ళు తుడుచుకుని, పట్వారిని తిట్టడం మొదలుపెట్టింది. వాడు రోజూ ఠాణా దగ్గర కనపడ్డాడట. ఊరు ముంచింది చాలక ఇప్పుడు నా కొడుకును పట్టిచ్చిండు అంది. తెల్ల ధోవతి, తల మీద రుమాలు. అప్పుడు అర్థమైంది నాకు ఆయన ఎవరో. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నావైపు ఎంత గర్వంగా చూసిందో! ఆ చూపు మధ్యలో నోరు ఎట్లా తెరవాలి? అని అప్పుడు అనుకున్నాను. తర్వాత తెరవడానికి బోలెడు రోజులు ఉన్నాయి. ఒక్కరోజూ తెరవలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ ఇన్‌స్పెక్టర్ మా కాలేజీ సభకు వచ్చాడు. భోజనాల దగ్గర తనే ఎత్తాడు. "ఆ కొరియా కుర్రాడికి ఎవరో ముసలాయన దొరికాడండీ. రోజూ వచ్చి గోడ పక్క కూర్చునేవాడు. పొమ్మంటే పోడు. ఈ పిలగాడు పుట్టినకాన్నుంచి తెలుసు, తేడా వస్తే నన్ను లోపలెయ్యండి అనేవాడు. చివరికి పై ఆఫీసరు దగ్గర కూడా అదే చెప్పి విడిపించాడు, కుర్రాడికి కనపడకుండానే వెళ్ళిపోయాడు."

నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఇన్‌స్పెక్టర్ పెరుగు అడిగి వేయించుకున్నాడు.

నా తప్పు ఠాణాలో ఆగి ఉంటే ఒక లెక్క. భయమని, వయసని ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. ఆ భోజనం తర్వాత నాకు అన్నీ తెలుసు. కాపాడింది ఎవరో తెలుసు. పట్టిచ్చినవాడని ఊరు ఎవరి మీద ఉమ్మిందో తెలుసు. ఆ రోజుల్లో ఒక మనిషి మీద ఇన్‌ఫార్మర్ అన్న మాట పడితే ఏమవుతుందో ఈ జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు. ఆయన భయపడి, భార్యాబిడ్డలతో ఇల్లు వదిలి నందిపేట్‌కు వెళ్ళిపోయాడు. నేను ఒక్కసారి ముప్కాల్ వెళ్ళి, ఇది తప్పు, మీ వాణ్ణి విడిపించింది ఆయనే అని చెప్తే చాలు. చెప్తే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. మరి నువ్వేం చెప్పినవ్ సారూ? ఆ ప్రశ్నకు భయపడి ఒక మనిషి ప్రాణాన్ని గాలికి వదిలేశాను. ఆయనకేమీ కాలేదు. అది నా పుణ్యం కాదు.

తర్వాత ఒక్కసారే కలిశాడు, నిజామాబాదు బస్టాండులో. నన్ను చూసి తనే దగ్గరికొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. "పిలగాడు మంచిగున్నడా?" అన్నాడు. చదువు మానేశాడని, మస్కట్ వెళ్ళాడని చెప్పాను. "మంచిగైంది తీ" అని, ఇంకేమీ అడక్కుండా తన బస్సు వైపు వెళ్ళాడు. నన్ను నిలదీసి, నిజం మా ఊరికి చెప్పమని ఎందుకు అనలేదు? చుట్టరికమా, భూములు కొలిచిన నాటి బాధా, నా మొహం చూస్తేనే నేను చెప్పనని తెలిసిపోయిందా? నాకు తెలియదు. అడగలేదు. నందిపేట్‌లోనే పోయాడు. చావుకు ఊరినుంచి ఎవరూ వెళ్ళలేదని విన్నాను. గంగాధర్ అవ్వ కూడా తర్వాత పోయింది, ఆయన్ను తిడుతూనే.

గంగాధర్ మస్కట్‌లో చాలా ఏళ్ళుండి తిరిగొచ్చి పసుపు సాగు చేసుకుంటున్నాడు. ఏ పండగైనా నాకు ఫోన్ చేసేవాడు. మా ఆవిడ పోయినప్పుడు కొడుకులా వెంట నడిచాడు. దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ముందు కాళ్ళకు మొక్కేవాడు. ఆ ముడవని వేళ్ళు నా పాదం మీద బిరుసుగా తగిలేవి. ఇన్నేళ్ళలో నాకు పడిన శిక్ష ఏదైనా ఉంటే అది ఆ స్పర్శే. అదీ శిక్ష అని నేననుకోవడమే. చూసేవాళ్ళకు అది మర్యాద.

ఈ ఎండాకాలం కూతుర్ని తీసుకుని వచ్చాడు. మౌనిక అనుకుందాం. ఆ పిల్ల ఫోన్‌లో కొరియా సీరియళ్ళు చూసీ చూసీ ఆ భాష, లిపి నేర్చుకుందట. మా బాపు ఒకప్పుడు కొరియా గురించి రాసిండంట గద సార్ అని ఆశ్చర్యపోతోంది. ఆమె వెతికి చదివిపెడుతుంటే గంగాధర్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి డిగ్రీ కోసం కాదు. తెలుగులో చిన్న పుస్తకం, ఆ మ్యోన్ పెద్దల మీదే. సగానికి పైగా అయిందన్నాడు. అతని మొహంలో ఆ పాత వెలుగు చూసి ఎంత సంతోషపడ్డానో, అతని తర్వాతి మాటలకు అంత కుంగిపోయాను.

"మొదటి పేజీల మీ పేరే సార్, నన్ను కాపాడిన మా సారుకు అని. మీరు ముందుమాట రాయాలె" అన్నాడు. "మా పట్వారి ముచ్చట గూడ పెట్టిన. గా కొరియాల సొంతోళ్ళను పట్టిచ్చిన పెద్దల లెక్కనే గద ఆయన."

సరే అన్నాను. నిజం, సరే అనే అన్నాను. ముందుమాట రాయడానికి కొన్నాళ్ళు ప్రయత్నించాను కూడా. మీకు అసహ్యం వేయాలి. నాకు వేసింది.

చివరికి ఒకరోజు పొద్దున్నే బయల్దేరి ముప్కాల్ వెళ్ళాను. గంగాధర్ ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టాడు, పక్కన తనూ కూర్చున్నాడు. నేను తల దించుకుని మొదలుపెట్టాను. పుస్తకాలు నావి కావన్నాను, నీ గురించి తెలియదన్నాను, కొరియా గురించి ఇట్లా అన్నాను, నిన్ను విడిపించింది మీ పట్వారి. అంతా నేల చూస్తూనే చెప్పేశాను. తల ఎత్తితే గంగాధర్ నవ్వు మొహంతో చూస్తున్నాడు. "అటు దిక్కు వినపడది సార్, ఇటొచ్చి చెప్పుండ్రి" అన్నాడు.

నేను కూర్చున్నది అతని ఎడమ పక్క.

లేచి ఇటు వచ్చి కూర్చున్నాను. మళ్ళీ చెప్పాను. ఈసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. లోపల పని చేసుకుంటున్న మౌనిక వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఈసారి అతని మొహం చూస్తూ చెప్పాను. ఆ నవ్వు ఎట్లా తగ్గిపోయిందో, ఏ మాట దగ్గర పూర్తిగా పోయిందో చూశాను. పుస్తకాల మాట దగ్గర కాదు. నా గురించి చెప్పినంతసేపూ ఏదో ఒక అర్థం చెప్పుకోవాలని చూస్తున్నట్టే ఉన్నాడు. పట్వారి గోడ పక్క కూర్చున్నాడు అన్నప్పుడు పోయింది.

తర్వాత, "మా అవ్వ సచ్చేదాక ఆయన్ని తిట్టింది సార్" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే దాన్ని నేను తట్టుకునేవాణ్ణి. లేచి లోపలికి వెళ్ళి చొక్కా వేసుకుని వచ్చాడు. "ఆయన కొడుకు నందిపేట్లనే ఉంటడు" అని, నాతోనో మౌనికతోనో తెలియని తీరులో చెప్పి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. కాళ్ళకు మొక్కలేదు. నేను కొంతసేపు ఆ మంచం మీదే కూర్చుని, తర్వాత లేచి రోడ్డు మీదికొచ్చి ఆర్మూర్ ఆటో ఎక్కాను.

పది పన్నెండు రోజులు ఫోన్ లేదు. నిన్న మౌనిక చేసింది.

"బాపు పుస్తకం మళ్ళ మొదటికెల్లి రాస్తుండు సార్. ముందుమాట అద్దన్నడు. మీరు గారోజు చెప్పింది మాత్రం రాసియ్యమన్నడు. పెడ్తడో పెట్టడో తెల్వదు. పేరు పెట్టుడు మీ ఇష్టమట."

ఇంకేమైనా అన్నాడా అమ్మా అని అడిగాను.

"ఏమనలే సార్" అంది.

అది ఇదే. నిన్నటినుంచి రాస్తున్నాను. చాలాచోట్ల నన్ను నేను వెనకేసుకొచ్చి, మళ్ళీ కొట్టేశాను. ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడ నన్ను నమ్మకండి. క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన ఇద్దరూ, ఆ పట్వారీ అవ్వా, లేరు, ఉన్న ఒక్కడు మాట్లాడటం లేదు. అతను మాట్లాడకపోవడం న్యాయమే. చివర్న పేరు పెట్టాలని చాలాసేపు కూర్చున్నాను, చెయ్యి రాలేదు. ఆ పిరికితనం నాలో ఇంకా ఉంది, దాన్నీ దాచను.

మధ్యాహ్నమైంది. ఇంట్లో ఎవరూ లేరు. రాసినదంతా ఒకసారి పైకి చదువుకున్నాను, మొదటినుంచీ, గట్టిగానే. గొంతు ఎక్కడా తడబడలేదు. సాయంత్రం మౌనిక వచ్చి తీసుకుపోతుంది. అప్పటిదాకా కాసేపు పడుకుంటాను.